ముందు ఆ నక్షత్రాన్ని వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా జేజినాయన యుద్ధం టైములో, 1942లో, మద్రాసుకు పోయి ఎయిర్ ఫోర్సులో చేరినాడు. ఇంజన్ ఫిట్టరు పని. బర్మా బార్డర్లో ఉన్నాడని, 1946లో తిరిగొచ్చి సేద్యం పట్టినాడని మా జేజి చెప్పేది. ఆయన 1987లో పోయినాడు, జేజి కూడా ఇప్పుడు లేదు. ట్రంకు పెట్టెలో ఆరు కోణాల ఇత్తడి నక్షత్రం ఒకటుంది. రిబ్బను లేదు, నల్లగా అయిపోయింది. వెండి రంగులో గుండ్రటి పతకం ఇంకొకటి, దాని మీద సింహం దేన్నో తొక్కుతున్నట్టు బొమ్మ. కలకత్తా స్టూడియోలో తీయించుకున్న ఫోటో, చెదలు తినంగా మిగిలిన డిశ్చార్జి కాగితం సగం ఉన్నాయి. ఆయనకు 'బర్మా స్టార్', 'విక్టోరియా' రావాల్సిందని, ఇయ్యకుండా ఎగ్గొట్టినారని మా చిన్నాయన అంటాడు. ఒకాయన పదైదు వేలిస్తే ఢిల్లీ నుంచి తెప్పిస్తానంటున్నాడు. నిజంగా ఏమేం రావాలో, ఎవర్ని అడగాలో చెప్పండి.

జవాబు: పదైదు వేలు జేబులోనే ఉంచుకోండి. ఈ పనికయ్యే ఖర్చు స్పీడ్ పోస్టు చార్జీలు, అవసరం పడితే సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు. ఆ పెద్దమనిషి ఢిల్లీలో చేయగలిగిందేదైనా ఉంటే, అది మీరు రాయాల్సిన ఉత్తరమే ఆయన రాయడం. అంతకు మించి ఏమీ లేదు.

యుద్ధకాలం పతకాలు రెండు రకాలు. ధైర్యసాహసాలకు ఇచ్చినవి వేరు, వాటికి పై అధికారి సిఫారసు ఉండాలి. మీరు అడుగుతున్నవి రెండో రకం. అవి లెక్క ప్రకారం వచ్చేవి: ఏ దళం, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఏ ఊర్లో. ఈ మూడూ తెలిస్తే మీ జేజినాయనకు ఏమేం రావాలో మీరే కాగితం మీద కూడుకోవచ్చు. ఇవి తెలియకుండా ఎవరేం చెప్పినా అది రచ్చబండ మాటే, చిన్నాయన మాటతో సహా.

ఆ మూడింటిలో మొదటి దానికి జవాబు బహుశా మీ ట్రంకు పెట్టెలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నక్షత్రాలను బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే పంచారు. భారతీయులకు ఇచ్చిన వాటి మీద మాత్రం నంబరు, హోదా, పొడి అక్షరాలు, పేరు, దళం పేరు అచ్చు గుద్దారు. నక్షత్రానికైతే ఇవి వెనకవైపు ఉంటాయి, గుండ్రటి పతకానికైతే అంచు మందం మీద, రూపాయి బిళ్లకు గీతలుండే చోట. చాలా ఇళ్లలో పతకాన్ని ఎనభై ఏళ్లు దాచుకుంటారు గానీ అంచు ఒక్కసారీ చూడరు.

చూడబోయే ముందు ఒక మాట. నల్లబడిందని చింతపండు పెట్టి రుద్దకండి. పీతాంబరి, బ్రాసో కూడా వద్దు. ఈ నక్షత్రాలు రాగి, జింకు కలిసిన మిశ్రమలోహం. అచ్చు లోతు తక్కువ. నాలుగు సార్లు గట్టిగా తోమితే నంబరులో 3 ఏదో 8 ఏదో తెలియకుండా పోతుంది. ఒక్క అంకె తప్పితే రికార్డు ఆఫీసులో ఇంకొకరి ఫైలు కోసం వెతుకుతారు. పొడిగుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. చీకటి గదిలో పతకాన్ని బల్ల మీద పెట్టి, ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు వాలుగా పట్టండి. అక్షరాల గుంటల్లో నీడ పడి చదవడానికి వస్తాయి. అప్పటికీ రాకపోతే పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిలుతో అడ్డంగా రుద్దండి, చిన్నప్పుడు అణా బిళ్ల మీద చేసినట్టు. అంచు పొడవునా కొంచెం కొంచెం తిప్పుతూ ఐదారు ఫోటోలు తీయండి, ఒక్క ఫోటోలో మొత్తం పడదు.

దళం పేరు చోట ఐ.ఎ.ఎఫ్. గానీ ఆర్.ఐ.ఎ.ఎఫ్. గానీ ఉంటే ఆయన వైమానిక దళం మనిషే. రెండో దానిలోని ఆర్ అంటే రాయల్. 1945 మార్చిలో ఆ బిరుదు వచ్చింది, 1950 జనవరి 26న పోయింది. పతకాలు తయారైంది యుద్ధం అయిపోయాక కాబట్టి, ఆ అక్షరం ఉన్నంత మాత్రాన ఆయన 1945 తర్వాత చేరినట్టు కాదు. హోదా చోట ఎల్.ఎ.సి. అని ఉంటే లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్. ఎ.సి.2, ఎ.సి.1, దాని పైన ఎల్.ఎ.సి., ఆపైన కార్పొరల్, సార్జెంట్. ఫిట్టర్లలో చాలామంది ఈ మెట్ల మీదే ఉండేవాళ్లు.

వెనక ఏమీ లేకుండా నున్నగా ఉంటే అది తర్వాతెప్పుడో కొన్నదో, ఇంకెవరిదో అయ్యే అవకాశం ఎక్కువ. ఇంకో దళం పేరుంటే? ఉదాహరణకు మద్రాస్ సాపర్స్ అనో, ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అనో. అప్పుడు కథ మారుతుంది. విమానాల కోసం రన్‌వేలు వేసినవాళ్లు, పెట్రోలు పీపాలు మోసిన లారీ డ్రైవర్లు కూడా 'ఎయిర్ ఫోర్సులో పనిచేసినా' అనే చెప్పుకునేవాళ్లు. అది అబద్ధం కాదు, పని చేసిన చోటు అదే. కానీ వాళ్ల కాగితాలు సైన్యం దగ్గర ఉంటాయి. మద్రాస్ సాపర్స్ మనిషైతే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్‌కు రాయాలి. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే నేటి ఆర్మీ సర్వీస్ కోర్, దాని రికార్డుల విభాగానికి రాయాలి. వైమానిక దళం రికార్డుల్లో ఎన్నాళ్లు వెతికించినా దొరకదు.

ఇప్పుడు గుండ్రటి పతకం. సింహం తొక్కుతున్నది రెండు తలల డ్రాగన్. అంటే అది 1939–45 వార్ మెడల్. 1939 సెప్టెంబరు 3కూ 1945 సెప్టెంబరు 2కూ మధ్య 28 రోజులు పూర్తికాల సేవ చేసిన ప్రతి సైనికుడికీ ఇది వచ్చింది. కాబట్టి మీ జేజినాయన యుద్ధకాలంలో యూనిఫాం వేసుకున్నాడనడానికి ఇది సాక్ష్యం. ఎక్కడ ఉన్నాడనేది ఇది చెప్పదు.

ఆ సంగతి చెప్పేది నక్షత్రమే. అన్ని యుద్ధ నక్షత్రాల ఆకారమూ ఒకటే, మధ్యలో ఆరో జార్జి రాజు అక్షరాలు, పైన కిరీటం. తేడా అంతా ఆ అక్షరాల చుట్టూ ఉన్న వలయంలో రాసిన పేరులో ఉంది. అక్కడ '1939–1945 స్టార్' అని ఉండొచ్చు, 'బర్మా స్టార్' అని ఉండొచ్చు. అదే టార్చి పద్ధతిలో చదవండి. ఎవరో 'ఇయ్యలేదు' అని డెబ్భై ఏళ్లుగా చెప్పుకుంటున్న బర్మా స్టారే ఆ పెట్టెలో ఉన్నదేమో, ముందు అది తేల్చుకోండి.

1939–45 స్టార్ రావాలంటే నేల మీద పనిచేసే సిబ్బందికి యుద్ధరంగంగా ప్రకటించిన ప్రాంతంలో ఆరు నెలల సేవ ఉండాలి. విమానంలో ఎగిరే వాళ్ల లెక్క వేరు, రెండు నెలలు యుద్ధ యూనిట్లో ఉండి కనీసం ఒక్కసారి దాడికి వెళ్లి ఉండాలి. ఇంజన్ ఫిట్టరుకు మొదటి లెక్కే.

బర్మా స్టార్ దగ్గరే మన ఇళ్లలో గందరగోళమంతా. దీనికి నేల సిబ్బందికి రోజుల లెక్క లేదు, డ్యూటీ మీద ఆ ప్రాంతంలోకి అడుగుపెడితే చాలు. కానీ 'ఆ ప్రాంతం' అంటే ఏది? 1941 డిసెంబరు 11 నుంచి బర్మా మొత్తం. 1942 మే 1 నుంచి 1943 డిసెంబరు 31 దాకా, బర్మాతో పాటు బెంగాల్, అస్సాం రాష్ట్రాలు పూర్తిగా. 1944 జనవరి 1 నుంచి యుద్ధం ముగిసేదాకా బెంగాల్, అస్సాంలలో బ్రహ్మపుత్రకు తూర్పున ఉన్న భాగం మాత్రమే. అంటే ఫ్రంటుకు దూరమైన పడమటి బెంగాల్ 1944లో లెక్కలోంచి పోయింది.

మీ కలకత్తా ఫోటోకు విలువ వచ్చేది ఇక్కడే. కలకత్తా హుగ్లీ ఒడ్డున ఉంది, బ్రహ్మపుత్రకు పడమర. మీ జేజినాయన 1943లో కలకత్తాలో పోస్టింగులో ఉంటే బర్మా స్టార్‌కు అర్హుడు. ఒక్క ఏడాది తర్వాత, 1944లో, అదే కలకత్తాలో అదే ఇంజన్లు విప్పి బిగించి ఉంటే అర్హుడు కాడు. చిట్టగాంగ్, కాక్స్‌బజార్, ఇంఫాల్ అయితే 1944లోనూ చెల్లుతాయి. వైజాగ్, తిరుచ్చి ఏ సంవత్సరమైనా చెల్లవు. ఇది చెప్పడానికి కారణం ఉంది: భారత వైమానిక దళం ఏడో స్క్వాడ్రన్ 1942 డిసెంబరులో వైజాగ్‌లోనే మొదలైంది, ఆరు, ఎనిమిది తిరుచ్చిలో. తర్వాత అవి తూర్పుకు పోయాయి. కాబట్టి స్క్వాడ్రన్ పేరు తెలిస్తే చాలదు, ఈ మనిషి దానితో పాటు పోయాడా లేక మధ్యలోనే బదిలీ అయ్యాడా తెలియాలి. సెలవు మీద కలకత్తా వచ్చి ఫోటో దిగి ఉండొచ్చు కూడా. స్టూడియో పేరు ఆయన ఆ ఊర్లో నిలబడ్డాడని చెబుతుంది గానీ అక్కడ పోస్టింగని చెప్పదు.

ఫోటో గురించి మాట వచ్చింది కాబట్టి, దాన్ని అట్ట మీది నుంచి పీకకండి. వెనక తారీఖు ఉందేమో చూడండి. చొక్కా చేతి మీద రెండు రెక్కల ప్రొపెల్లర్ గుర్తుంటే ఎల్.ఎ.సి. రెండు వి గీతలుంటే కార్పొరల్, మూడుంటే సార్జెంట్. పిడికిట్లోంచి మెరుపులు వస్తున్నట్టుంటే వైర్‌లెస్ మనిషి. ఎడమ రొమ్ము మీద రెక్కల గుర్తు లేకపోతే ఎగిరే సిబ్బంది కాదు. రిబ్బన్ల రంగులు మాత్రం నలుపు తెలుపు ఫోటోలో ఊహించకండి. అప్పటి ఫిల్ముల్లో కొన్నిటికి ఎరుపు కనబడేది కాదు, ఎరుపు చార నల్లగా పడేది. 'ఇది బర్మా స్టార్ రిబ్బనే' అని ఫోటో చూసి ఢంకా బజాయించే వాళ్లను నమ్మకండి. ఆ స్టార్ రిబ్బను ముదురు నీలం, నడుమ వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా సన్నటి నారింజ చార. నలుపు తెలుపులో అది దాదాపు నల్ల పట్టీ.

ఇక 'రావాల్సినవి' అని జనం చెప్పే జాబితాలో మిగిలినవి. ఇండియా సర్వీస్ మెడల్ అని ఒకటుంది, వెనక భారతదేశం పటం ఉంటుంది. దేశం లోపలే, యుద్ధరంగం కాని చోట, మూడేళ్లు పనిచేసిన భారత దళాల వాళ్లకు అది. గడువు 1945 సెప్టెంబరు 2. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి: 1942 సెప్టెంబరు 3 తర్వాత చేరిన ఎవరికీ మూడేళ్లు నిండవు. మీరు '1942' అని మాత్రమే రాశారు. ఏప్రిలా, నవంబరా అన్నది ఒక పతకం తేడా. దాని మీద తూర్పు సరిహద్దులో గడిపిన నెలలు తీసేస్తే, బర్మా వైపు పోయిన 1942 మనిషికి ఇది రావడం చాలా కష్టం. డిఫెన్స్ మెడల్ అనే ఇంకో యుద్ధకాలం పతకం వచ్చినవాళ్లకు ఇది ఇవ్వలేదు, రెండూ వచ్చాయని ఎవరైనా చెబితే ఒకటి పొరపాటు.

1947 ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్ ఆ ఆగస్టు 15 నాటికి నౌకరీలో ఉన్నవాళ్లకు. మీ జేజినాయన 1946లో వచ్చేశాడు కాబట్టి లేదు. డిశ్చార్జి కాగితం మీద సంవత్సరం ఇంకోటి కనబడితే మాత్రం మళ్లీ ఆలోచించాలి. ఊరికి తిరిగొచ్చిన సంవత్సరమూ, కాగితం మీద విడుదలైన సంవత్సరమూ ఒకటే అయ్యి తీరాలని లేదు.

'విక్టోరియా' అంటే విక్టోరియా క్రాస్ (సాహసానికి బ్రిటిష్ వాళ్లు ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం) అని మీ చిన్నాయన అర్థం అయితే, ఆ యుద్ధంలో భారత వైమానిక దళంలో ఎవరికీ అది రాలేదు. ఇంఫాల్ రోజుల్లో ఒకటో స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన అర్జన్ సింగ్‌కు 1944లో వచ్చింది డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్. సాహస పురస్కారాలన్నీ లండన్ గెజెట్‌లో అచ్చయ్యాయి, అది ఆన్‌లైన్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అక్కడ పేరు లేకపోతే లేనట్టే. వార్ మెడల్ రిబ్బను మీద చిన్న కంచు ఓక్ ఆకు ఉంటే 'మెన్షన్ ఇన్ డిస్పాచెస్' అని అర్థం, అంటే పై అధికారుల నివేదికలో ఆయన పేరు ప్రస్తావించారన్న మాట. మీకు రిబ్బనే లేదు కాబట్టి ఆ ఆకు పెట్టె అడుగున ఎక్కడైనా పడి ఉందేమో, చిల్లరంతా కుమ్మరించి చూడండి.

ఇప్పుడు కాగితం. చెదలు తిన్న సగానికి ల్యామినేషన్ చేయించకండి. కడపలోనైనా ప్రొద్దుటూరులోనైనా జిరాక్స్ షాపువాళ్లు మొదట చెప్పే సలహా అదే, చేయకూడని పని కూడా అదే. వేడికి పాత సిరా పాకుతుంది, తర్వాత ఆ ప్లాస్టిక్ ఊడదు. సెలోటేపు కూడా అంతే, పదేళ్లకు గోధుమ రంగు మరక మిగులుతుంది. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, కిటికీ వెలుగులో ముందూ వెనకా ఫోటో తీసుకోండి, 600 డీపీఐలో స్కాన్ చేయించుకోండి. వెనకవైపు ముఖ్యం, అక్కడ చేత్తో రాసిన చిన్న ముక్కలు ఉంటాయి: ఏ స్టేషన్ నుంచి విడుదల, రైలు వారంటు (సర్కారు ఖర్చుతో రైలెక్కే చీటీ) ఏ ఊరికి ఇచ్చారు లాంటివి. ఇంట్లో పాత ఉత్తరాలు, మనియార్డరు చీటీలు ఉంటే అవీ తీయండి. యుద్ధకాలం ఉత్తరం మీది ముద్రలో ఊరి పేరు ఉండదు, ఎఫ్.పి.వో. అని ఒక నంబరు ఉంటుంది. ఆ ఫీల్డ్ పోస్టాఫీసు ఏ నెలలో ఎక్కడుందో పాత తపాలా ముద్రలు సేకరించేవాళ్ల దగ్గర జాబితాలున్నాయి. తారీఖు, చోటు రెండూ ఒకే ముద్రలో దొరికే సాక్ష్యం ఇది. మీ జేజి దాచిన ఒక్క కవరు ఒక పతకాన్ని తేల్చేయగలదు.

నంబరు దొరికాక ఉత్తరం. ఆయన ఆఫీసర్ కాకుండా ఎయిర్‌మన్ అయితే చిరునామా ఎయిర్ ఫోర్స్ రికార్డ్ ఆఫీస్, సుబ్రతో పార్క్, న్యూఢిల్లీ 110010. ఆఫీసర్ల సంగతి ఢిల్లీలోని వైమానిక దళం ప్రధాన కార్యాలయం, వాయు భవన్, చూస్తుంది. లండన్‌కు రాయకండి. బ్రిటన్ మెడల్ ఆఫీస్ చూసేది వాళ్ల సొంత దళాల వాళ్ల సంగతే. మీ జేజినాయన చేరింది బ్రిటిష్ ఆర్.ఎ.ఎఫ్.లో కాదు, భారత దళంలో.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. కుటుంబ చరిత్ర అక్కర్లేదు. సర్వీస్ నంబరు, పతకం మీద ఉన్నది ఉన్నట్టు పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, ట్రేడు (చేసిన పని), చేరిన, విడిచిన సంవత్సరాలు. తర్వాత విడివిడిగా మూడు అడగండి: ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా ఏ యూనిట్లో, ఎక్కడ ఉన్నాడో తెలిపే సర్వీస్ వివరాలు, రికార్డు ప్రకారం ఆయన అర్హుడైన పతకాలు, క్లాస్పులు (రిబ్బను మీద పెట్టే చిన్న లోహపు పట్టీలు) ఏవో, వాటిలో ఏవి ఎప్పుడు ఇచ్చినట్టు నమోదైంది. 'మా తాత మెడల్స్ పంపండి' అని రాస్తే గుమాస్తాకు దాంతో ఏం చేయాలో తోచదు. మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. 'ఇయ్యకుండా ఎగ్గొట్టినారు' అన్న మాటకు నిజమైన జవాబు అక్కడే వస్తుంది.

ఇక పేర్లు. రాయలసీమ వాళ్ల ఉత్తరాలు ఎక్కువగా ఇక్కడే బోల్తా కొడతాయి. ఇంటిపేరు ముందొచ్చే అలవాటు తెలియని గుమాస్తా ఇంటిపేరు వదిలేసి ఉండొచ్చు, తండ్రి పేరును చివర తగిలించి ఉండొచ్చు. ఓబులేసు అనే మనిషి ఇంగ్లీషు అక్షరాల్లో ఓబులేష్, ఓబలేసు, ఓబులయ్య ఏదైనా అయ్యుంటాడు. రెడ్డి చివర వై బదులు ఐ ఉండొచ్చు. మీకు తోచిన అన్ని రకాలూ ఒక వరుసలో రాసి పంపండి. జిల్లా పేరు కూడా అంతే: కడపను అప్పట్లో ఇంగ్లీషులో సి అక్షరంతో, రెండు డీలతో రాసేవాళ్లు, 2005 దాకా అధికారికంగా అదే. మీ ఉత్తరంలో రెండూ పెట్టండి, రాష్ట్రం మద్రాసు ప్రెసిడెన్సీ అని రాయండి. ఇది చదువుతున్న కర్నూలు వాళ్లకు ఒక మాట: మీ పెద్దలది బనగానపల్లె అయితే ఆ రోజుల్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ కాదు, నవాబు సంస్థానం. 1948లో గానీ మద్రాసు రాష్ట్రంలో కలవలేదు. రికార్డులో 'బనగానపల్లె స్టేట్' అని ఉండొచ్చు.

ఢిల్లీకి పంపే ముందు కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్లండి. అనంతపురం, కర్నూలులోనూ ఉంది. మాజీ సైనికుల కుటుంబాల పనే వాళ్ల పని, ఫీజు ఉండదు. మీ ఉత్తరాన్ని వాళ్ల కవరింగ్ లెటర్‌తో పంపమని అడగండి, కార్యాలయం నుంచి వెళ్లిన కాగితానికి ఉండే బరువు వేరు. ఇలాంటి ఇంట్లోనే జేజి ఇంకా బతికున్న వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే పతకం సంగతి తర్వాత, ముందు ఆ కార్యాలయానికి పరుగెత్తండి. పింఛను లేని రెండో ప్రపంచ యుద్ధం సైనికుల భార్యలకు నెలనెలా సాయం ఉందా, ఎలా పెట్టుకోవాలో అడగండి.

మూడు నెలలు చూసినా జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పోస్టులో అయితే 10 రూపాయల ఇండియన్ పోస్టల్ ఆర్డర్ జతచేయాలి, కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పోర్టల్లోనూ వేయొచ్చు. అవే మూడు ప్రశ్నలు, మాట మార్చకుండా. 'వేరే వ్యక్తి సొంత వివరాలు ఇవ్వం' అని తిరగ్గొట్టే అవకాశం ఉంది కాబట్టి దరఖాస్తులోనే రెండు వాక్యాలు చేర్చండి: ఆయన చనిపోయాడు, నేను మనవణ్ని, మరణ ధ్రువపత్రం జత చేశాను అని ఒకటి, అడిగినది ఇరవై ఏళ్లు దాటిన సంగతి కాబట్టి చట్టం 8(3) సెక్షన్ వర్తిస్తుందని ఇంకొకటి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఆపైన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

'రికార్డు దొరకలేదు' అని వస్తే అక్కడితో ఆగకండి. స్క్వాడ్రన్ నంబరో, స్టేషన్ పేరో ఎక్కడైనా దొరికి ఉంటే యూనిట్ డైరీలున్నాయి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో స్క్వాడ్రన్ల ఆపరేషన్స్ రికార్డ్ బుక్స్ ఉంటాయి. ఫారం 540లో రోజువారీ సంగతులు, స్క్వాడ్రన్ ఏ తారీఖున ఎక్కడికి కదిలిందో రాసి ఉంటుంది. 541లో ఏ విమానం ఎవరు నడిపారో. ఫిట్టరు పేరు వీటిలో కనబడుతుందని ఆశపెట్టుకోవద్దు, పైలట్ల పేర్లే ఎక్కువ. మనకు కావాల్సింది పేరు కాదు, కదలిక: మీ జేజినాయన స్క్వాడ్రన్ 1944లో బ్రహ్మపుత్రకు ఏ ఒడ్డున ఉంది. ఢిల్లీలో రక్షణ శాఖ చరిత్ర విభాగం ఆర్.కె.పురంలో ఉంది, యుద్ధకాలం రికార్డులు కొన్ని అక్కడా ఉన్నాయి.

ఇవ్వని పతకం ఉందని రికార్డులో తేలితే అప్పుడు వారసుల కాగితాలు కావాలి. మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం. 1987 నాటి మరణం పంచాయతీలో నమోదు కాకపోతే ఏడాది దాటిన కేసు కింద మెజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి, ఆర్డీవో ఆఫీసులో కనుక్కోండి. ఇది నెలలు పట్టే పని, కాబట్టి ఢిల్లీ జవాబు కోసం చూస్తూ కూర్చోకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. రికార్డులో పేరు ఒకలా, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ రాయించాలి. ఆ అఫిడవిట్‌లో పతకం మీది పేరు అక్షరం పొల్లుపోకుండా పడాలి. చిన్నాయనతో నిరభ్యంతర పత్రం మీద సంతకం పెట్టించుకునేది మొదటే పెట్టించుకోండి. పతకం చేతికొచ్చాక అది ఎవరింట్లో ఉండాలన్న పంచాయితీ మొదలైతే సంతకాలు కష్టం.

'ఇచ్చాము' అని నమోదై ఉండి, ఇంట్లో లేకపోతే? ఇల్లు మారినప్పుడో, కరువు సంవత్సరంలో కంసాలి దగ్గరికి పోయిందో. దాని కోసం మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే నకలు కొనుక్కోవడం నయం. సైనిక సామగ్రి అమ్మే దుకాణాలు సికింద్రాబాద్‌లో, ఢిల్లీలో ఉన్నాయి. నకలు అని ఒప్పుకుని అమ్మేవాళ్ల దగ్గరే కొనండి, దాని వెనక మీ జేజినాయన పేరు చెక్కించకండి. ముప్పై ఏళ్ల తర్వాత మీ మనవడు దాన్ని అసలుదనుకుని మళ్లీ ఇదే ఉత్తరం రాస్తాడు.

అసలు నక్షత్రానికి రిబ్బను కొనేటప్పుడు 32 మిల్లీమీటర్ల వెడల్పుది అడగండి. వలయంలో 1939–1945 అని ఉంటే ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడు సమానమైన పట్టీలది. బర్మా అని ఉంటే పైన చెప్పిన ఎర్ర నడుముది. పైన కడియం అరిగి సన్నబడి ఉంటే దాన్ని టంకం వేయించకండి, రిబ్బనును కడియంలోంచి వదులుగా దూర్చి వెనక సూదీదారంతో కుట్టేయండి.